వైఫై స్కాన్ ఖాళీగా వస్తే: ఐడబ్ల్యూలిస్ట్ మేలా, కిస్మెట్ మేలా?

నోకియా ఎన్800, ఎన్810 వంటి చేతి ఇంటర్నెట్ టాబ్లెట్లను ఇప్పటికీ పనిలో ఉంచుకున్నవారికి చుట్టుపక్కల వైఫై నెట్‌వర్కులను వెతకడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి లినక్స్ వైర్‌లెస్ టూల్స్ ప్యాకేజీలోని ఐడబ్ల్యూలిస్ట్ అనే కమాండు, రెండోది మైక్ కెర్షా రాసిన కిస్మెట్ అనే ప్రోగ్రాం. స్కానర్ ఏమీ చూపించకపోతే చాలామంది మొదటిదాన్ని చిన్నచూపు చూసి, నేరుగా రెండోదాన్ని ఎక్కించుకుంటారు. నా దృష్టిలో ఈ వరుస తలకిందులైనది. కిస్మెట్ చూపించగలిగినది చాలా ఎక్కువ, కానీ అది చెడిపోవడానికి ఉన్న చోట్లు కూడా అంతే ఎక్కువ. కాబట్టి లోపం ఎక్కడుందో తెలియని దశలో దాన్ని ముందుకు తెస్తే ఒక చిక్కు కాస్తా రెండు చిక్కులవుతుంది.

రెండూ పనిచేసే తీరే వేరు. ఐడబ్ల్యూలిస్ట్ స్కాన్ చేయమన్నప్పుడు రేడియో ఒక్కొక్క ఛానల్‌లోకి వెళ్లి, ఇక్కడ ఎవరున్నారని అడిగి, రౌటర్లు పంపిన జవాబులను పోగుచేసి ఒక పట్టికగా ఇస్తుంది. కిస్మెట్ ఎవరినీ అడగదు. కార్డును ఏ నెట్‌వర్కుకూ కలవకుండా ఊరికే వినే మానిటర్ మోడ్‌లో పెట్టి, గాలిలో పోయే ప్రతి ఫ్రేమునూ (వైఫై డేటా ముక్కనూ) చెవి ఒగ్గి వింటుంది. ఎన్800, ఎన్810లలో వైఫై డ్రైవర్‌లోని ఒక భాగం సోర్సు బయటపెట్టని బైనరీ కావడం వల్ల మానిటర్ మోడ్ ఎంత బాగా నడుస్తుందన్నది మన చేతిలో లేదు. మామూలు స్కాన్ మాత్రం ఆ టాబ్లెట్ ప్రతిరోజూ కనెక్షన్ వెతుక్కోవడానికి వాడే దారే గనుక, అది నడవకపోతే లోపం ఇంకా కింద ఎక్కడో ఉందని అనుకోవచ్చు.

ఐడబ్ల్యూలిస్ట్ ఇచ్చే దోష సందేశాన్ని చివరిదాకా చదవాలి. వైఫై ఇంటర్‌ఫేస్ (సిస్టమ్ కార్డును గుర్తించే పేరు) దిగి, అంటే ఆగి ఉన్నప్పుడు అది “ఇంటర్‌ఫేస్ డజన్ట్ సపోర్ట్ స్కానింగ్: నెట్‌వర్క్ ఈజ్ డౌన్” అంటుంది. మొదటి సగం మాత్రమే చదివినవారు తమ కార్డుకు స్కాన్ చేసే శక్తే లేదనుకొని డ్రైవర్ల వెంట పడతారు. అసలు సంగతి రెండో సగంలో ఉంది: ఇంటర్‌ఫేస్‌ను ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే కమాండుతో పైకి లేపితే సరిపోతుంది. టాబ్లెట్ ఆఫ్‌లైన్ మోడ్‌లో ఉందేమో అంతకంటే ముందే చూసుకోవాలి. మరో చిక్కు ఇంతకంటే కనిపించకుండా దెబ్బతీస్తుంది. రూట్ హక్కు (సిస్టమ్ మీద పూర్తి అధికారం) లేకుండా నడిపితే ఐడబ్ల్యూలిస్ట్ కొత్త స్కాన్ మొదలుపెట్టలేదు, పాత స్కాన్‌లో మిగిలిపోయిన ఫలితాలనే చదివి వినిపిస్తుంది. పది నిమిషాల క్రితం ఆపేసిన రౌటర్ పేరు ఇంకా కనిపిస్తోందంటే, లేదా కళ్ల ముందున్న రౌటర్ పేరు రాలేదంటే, ముందుగా రూట్‌షెల్, అంటే రూట్ హక్కున్న కమాండు కిటికీ, తెరిచి మళ్లీ స్కాన్ చేయాలి.

కిస్మెట్ విషయానికి వస్తే, పాత వెర్షన్లలో అది మొదలవ్వకముందే ఆగిపోయే చోట్లు రెండున్నాయి. అమరికల ఫైలులో ఎస్‌యూఐడీ యూజర్ అనే వరుసలో నమూనాగా ఉంచిన పేరును తీసి మీ టాబ్లెట్‌లోని అసలు వాడుకరి పేరు రాయాలి. సోర్స్ అనే వరుసలో డ్రైవర్ రకం, ఇంటర్‌ఫేస్ పేరు సరిగా ఇవ్వాలి. ఈ రెండూ సరిచేశాక కూడా తెర మీద ఒకటో రెండో నెట్‌వర్కులే మెరిసి మాయమవుతుంటే, తప్పు సాధారణంగా ఛానళ్ల మధ్య గెంతే వేగంలో ఉంటుంది. ఇక్కడ చిన్న లెక్క వేసి చూడటం ఎంతో మేలు. రౌటర్ తన ఉనికిని చాటే బీకన్‌ను మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి పంపుతుంది. సెకనుకు 5 ఛానళ్ల చొప్పున గెంతితే ఒక్కో ఛానల్‌లో 200 మిల్లీసెకన్లు ఉంటాము, అంటే ఒకటి లేదా రెండు బీకన్లు చెవిన పడతాయి, 13 ఛానళ్లను 2.6 సెకన్లలో చుట్టివస్తాము. తొందరపడి వేగాన్ని 10కి పెంచితే ఒక్కో చోట దక్కేది 100 మిల్లీసెకన్లే, అది బీకన్‌కూ బీకన్‌కూ మధ్య ఉన్న వ్యవధి కంటే తక్కువ. ఛానల్ మారడానికే కొంత సమయం పోతుంది కాబట్టి, బలహీనమైన నెట్‌వర్కులు ఆ చుట్టులో దొరక్కుండా పోవడంలో వింత లేదు. వేగం తగ్గించాలి, లేదా అనుమానం ఉన్న ఛానల్ దగ్గరే నిలవాలి.

నిలవడానికి ఆ నెట్‌వర్కును ఎంచుకొని ఎల్ అనే పెద్ద అక్షరం నొక్కాలి, తిరిగి గెంతడానికి పెద్ద హెచ్ నొక్కాలి. ఎంచుకోవడమే కుదరడం లేదని చాలామంది అంటారు. పట్టికలోని పేర్లు పైకీ కిందకీ కదులుతూనే ఉంటాయి, బాణం మీట నొక్కినా గుర్తు ఎక్కడా ఆగదు. ముందుగా ఎస్ నొక్కి ఏదో ఒక క్రమంలో అమర్చుకుంటేనే పట్టిక నిలుస్తుంది. ఎన్800లో తెర మీది కీబోర్డు పైకి వస్తే పట్టికకు మిగిలే వరుసలు కొన్నే. మీటలున్న ఎన్810 ఈ పనికి స్పష్టంగా మేలు. బయటకు వచ్చేటప్పుడు కూడా టెర్మినల్ కిటికీని మూసేయకుండా పెద్ద క్యూ నొక్కి రావాలి. అలా రాకపోతే కార్డు మానిటర్ మోడ్‌లోనే ఉండిపోవచ్చు, అప్పుడు టాబ్లెట్ మామూలు కనెక్షన్ల పట్టిక కూడా ఖాళీగా కనిపిస్తుంది. చేతిలో ఉన్నది ఒక్కటే రేడియో కాబట్టి, వైఫై మీదుగా దూరం నుంచి లాగిన్ అయి కిస్మెట్ నడిపితే ఆ లాగిన్ తెగిపోవడం ఖాయం.

ఇన్ని చిక్కులున్నా, కిస్మెట్ మాత్రమే జవాబివ్వగల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పేరు దాచిన నెట్‌వర్కును ఐడబ్ల్యూలిస్ట్ ఖాళీ పేరుతో చూపి ఊరుకుంటుంది. కిస్మెట్ మాత్రం ఏదైనా పరికరం దానికి కనెక్ట్ అయ్యే క్షణంలో ఆ పేరును పట్టుకుంటుంది. ఇంట్లో వేగం పడిపోవడానికి పక్క ఛానల్‌లోని రద్దీ కారణమా అన్నది కూడా ఫ్రేముల లెక్క చూస్తేనే తేలుతుంది. అయితే ఈ టాబ్లెట్ల రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే 802.11బీ, జీ రకాలకే పరిమితమని మరువకూడదు. 5 గిగాహెర్ట్జ్ రౌటర్ ఏ ప్రోగ్రాంతోనూ కనిపించదు, దానికోసం అమరికలు మార్చుకుంటూ కూర్చోవడం వృథా ప్రయాస. అంతకంటే మోసపుచ్చే సంగతి మరొకటుంది. కొత్త రౌటర్ల బీకన్లు పాత వేగాల్లోనే వస్తాయి కనుక వినబడతాయి, కానీ 802.11ఎన్ పద్ధతిలో వెళ్లే డేటాను ఈ రేడియో విడదీయలేదు. అందుచేత కిస్మెట్ ఒక నెట్‌వర్కును చూపించి, దాన్ని వాడేవారు ఎవరూ లేరన్నట్లు కనిపిస్తే ఆ మాట నమ్మదగినది కాదు.

స్కానింగ్‌ను నేటి ఫోనుకు మార్చుకోవచ్చు కదా అంటే, అక్కడా హద్దులున్నాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి తెర మీద తెరిచి ఉన్న యాప్‌కు కూడా 2 నిమిషాల్లో 4 స్కాన్లకే అనుమతి ఉంది, ఆండ్రాయిడ్ 10లో ఈ పరిమితిని డెవలపర్ అమరికల్లో తీసేయవచ్చు. సిగ్నల్ ఎక్కడ తగ్గుతోందో చూస్తూ గది గదికీ నడవడానికి ఫోన్ చాలు, దాని రేడియోకు అందే కొత్త నెట్‌వర్కులను కూడా చూపిస్తుంది. కానీ ఫ్రేములను వినడానికి మాత్రం సాధారణంగా పనికిరాదు.

కాబట్టి ఖాళీ పట్టిక ఎదురైనప్పుడు నేను ముందు రూట్‌గా ఐడబ్ల్యూలిస్ట్ నడుపుతాను. అది నెట్‌వర్కులను చూపించి, కిస్మెట్ చూపించకపోతే రేడియో బాగున్నట్టే, తప్పు సోర్స్ వరుసలోనో మానిటర్ మోడ్‌లోనో ఉంటుంది. కిస్మెట్‌ను ఎక్కువసేపు నడపాల్సి వస్తే చార్జర్‌కు పెట్టాలి, 1500 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీతో నిరంతరం వినడం కష్టం. కిస్మెట్ రాసే లాగ్‌లు (రికార్డు ఫైళ్లు) మెమొరీ కార్డులోకి వెళ్తుంటే ఆ సమయంలో టాబ్లెట్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలపకూడదు, కలిపితే కార్డు కంప్యూటర్ చేతికి పోయి రాత ఆగిపోతుంది. అమరికల ఫైలులోని లాగ్ రకాల వరుస నుంచి డంప్ అనే మాటను తీసేయడం కూడా మంచిది. అది ఇరుగుపొరుగు వారి ఫ్రేములను సైతం మన కార్డులో దాచిపెడుతుంది, మన రౌటర్ లోపం వెతకడానికి నెట్‌వర్కుల పట్టిక ఒక్కటే సరిపోతుంది.