80 దాటని బండితో ఏడేళ్లు

2018లో పసుపు ప్లేటు మారుతి డిజైర్ టూర్ ట్యాక్సీ కొన్నాను. 1.2 లీటర్ల పెట్రోల్ బండి. అమలాపురం స్టాండులో పెట్టి కిరాయిలు తిప్పుతున్నాను, మీటరు మీద 2,60,000 కిలోమీటర్లు దాటింది. ఇంజన్ గురించీ మైలేజీ గురించీ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కొనేముందు నాకు ఎవరూ చెప్పనిది, ఇప్పుడు ఇలాంటి పాత బండి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవాలనుకునేవాళ్లు తెలుసుకోవలసినది ఒకటుంది. అది కంపెనీలోనే పెట్టి పంపిన 80 లాక్, అంటే బండిని గంటకి 80 కిలోమీటర్ల వేగం దాటనివ్వని ఏర్పాటు.

ఇదే ఇంజన్ తెల్ల ప్లేటు బండిలో 150 దాటి పోతుంది. ట్యాక్సీకి మాత్రం కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 118వ నియమం కింద 80 దగ్గర ఆపేశారు. స్కూలు బస్సులకీ డంపర్లకీ ట్యాంకర్లకీ అయితే 60యే. బండి ఎంత వేగంలో ఉందో లోపలి కంప్యూటర్ ఎప్పటికప్పుడు చూసుకుంటూ, 80 రాగానే ఇంజన్‌కి ఇక బలం అందనివ్వదు. బ్రేకు పడినట్టు ఉండదు, కుదుపూ ఉండదు. కాలి కింద ఎక్స్‌లేటర్ చచ్చుబడిపోతుంది, అంతే. ఎంత తొక్కినా బండి పలకదు. నా బండిలో దీనికి లైటు గానీ, బీప్ గానీ లేవు. అది పెద్ద లోపమే అంటాను.

ఎందుకంటారా? కొన్న మరుసటి ఏడాది యానాం వైపు కిరాయికి వెళ్తున్నాను. ముమ్మిడివరం దాటాక రెండు వరసల రోడ్డు మీద ముందు బస్సు, 65లో పోతోంది. ఎదురు ఖాళీగానే కనబడింది, పక్కకి తీశాను. బస్సు సగం దాటేసరికి 80 అయింది, పెడల్ చచ్చుబడింది. అంతలో ఎదురుగా కొబ్బరికాయల లోడుతో లారీ. పాత అలవాటున ఇంకా తొక్కాను. బండి కదలదే! బ్రేకు కొట్టి మళ్లీ బస్సు వెనక్కి దూరాను. వెనక సీట్లో పసిబిడ్డతో ఒక కుటుంబం ఉంది. ఆ రోజు యానాం వెళ్లేదాకా ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. 65లో పోయే బస్సుని 80లో దాటాలంటే తేడా 15 మాత్రమే, అంటే సెకనుకి 4 మీటర్ల పైచిలుకు. బస్సు పొడవూ, వెనకా ముందూ వదలాల్సిన ఖాళీ కలిపి 60 మీటర్లు అనుకుంటే 14 సెకన్ల పైనే పడుతుంది. అంతలో నేను 320 మీటర్లు పోతాను, ఎదుటివాడూ 80లో వస్తుంటే వాడూ 320 వస్తాడు. 640 మీటర్ల ఖాళీ రోడ్డు కనబడాలి! 100లో పోగలిగిన బండికి ఇదే పని 6 సెకన్లు. అప్పటినుంచి 60 దాటి పోయే బస్సునీ లారీనీ రెండు వరసల రోడ్డులో నేను దాటను. ట్రాక్టర్లనీ ఆటోలనీ దాటడానికి లాక్ అడ్డమే రాదు.

నిజానికి కోనసీమ లోపల ఈ లాక్ ఉందన్న సంగతే గుర్తుండదు. కాలవగట్టు రోడ్లలో 50 దాటడమే ఎక్కువ. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. లాక్ తెలిసేది రావులపాలెం దగ్గర హైవే ఎక్కాకే. మధురపూడిలోని రాజమండ్రి ఎయిర్‌పోర్టు కిరాయిల్లో పార్టీలు అక్కడే తొందరపెడతారు.

"తొక్కండి బాబూ, ఫ్లైటు పోద్దండి!"

"ఇంతేనండి ఇది, ఆయ్. గవర్నమెంటు లాకండి."

అమలాపురం నుంచి ఎయిర్‌పోర్టుకి ఇంచుమించు 80 కిలోమీటర్లు. అందులో కొత్తపేట మీదుగా పోయే రోడ్డులోనూ, రాజమండ్రి జంక్షన్లలోనూ ఏ బండైనా ఒకటే. 80 పైన పోగలిగే చోటు జొన్నాడ వంతెన ముందూ వెనకా, కడియం నర్సరీల దాకా కలిపినా 30 కిలోమీటర్లకి మించదు. పూర్తిగా 30 అనుకున్నా 80లో పోతే ఆ ముక్కకి ఇరవై రెండున్నర నిమిషాలు, 100లో పోతే 18. నాలుగున్నర నిమిషాల తేడా! ఆలస్యమంతా ఇంటి దగ్గర సామాను సర్దడంలోనే అవుతోంది. అందుకే బుకింగ్ అప్పుడే అరగంట ముందు బయల్దేరదామని చెప్పేస్తాను. ఏడేళ్లలో నా వల్ల ఒక్క ఫ్లైటూ పోలేదు. వైజాగ్ కిరాయికి మాత్రం తేడా బాగానే తెలుస్తుంది, అది ఒప్పుకుంటాను.

మా నాన్నగారిది డీజిల్ అంబాసిడర్. 1489 సీసీ, 37 హార్స్‌పవర్. దానికి ఏ లాకూ లేదు. డీజిల్ పంపులో గవర్నర్ అనే అదుపు పరికరం ఉండేది గానీ, అది చూసేది ఇంజన్ చుట్లని, బండి వేగాన్ని కాదు. అసలు ఆపేది గాలి. 80 నుంచి 100కి వెళ్లాలంటే గాలిని తోసుకుపోవడానికే దాదాపు రెట్టింపు బలం కావాలి, ఆ 37 గుర్రాలకి అంత ఎక్కడిది? 80లోనే తలుపు అద్దాలు మోగేవి, స్టీరింగ్ వణికేది. నాన్నగారు కాలు తీసేసేవారు. ఈ బండి 80లో సడీచప్పుడూ లేకుండా పోతుంది. ఇంకా ఎంతో పోగలదని తెలిసి ఆగడమే కష్టం.

గల్ఫ్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన మా తోడల్లుడు అక్కడి కార్లు 120 దాటగానే గంట కొడతాయని చెప్పేవాడు. మన దగ్గర 2019 జులై నుంచి వచ్చిన కార్లలో 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆపకుండా బీప్ వస్తుంది. హెచ్చరించి నిర్ణయం డ్రైవరుకి వదిలే ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. అయినా అద్దె బండికి లాకే మంచిదని ఏడేళ్ల తర్వాత గట్టిగా నమ్ముతున్నాను. రాత్రి రెండింటికి, నిద్ర మొహంతో, ఇంటికి పోవాలన్న తొందరలో ఉన్న డ్రైవరుకి బీప్ వినబడదు.

లాక్ తీసేస్తామని తిరిగేవాళ్లు ఉంటారు. మా స్టాండులో ఒకతను తీయించాడు. వైరు ఎక్కడ కెలికారో, స్పీడోమీటరూ కిలోమీటర్ల లెక్కా రెండూ ఆగిపోయాయి. బ్రేక్ చేయించడానికి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్తే ఇనస్పెక్టర్ బండిని వెనక్కి పంపేశాడు. మళ్లీ అన్నీ సరిచేయించేసరికి పది రోజుల కిరాయిలు పోయాయి. సెకండ్‌హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే హైవే మీద నడిపి చూడండి. టాప్ గేరులో 80 దగ్గర పెడల్ చచ్చుబడకపోతే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

ఇంకో రెండు సంగతులు. లాక్ బ్రేకు వెయ్యదు. వంతెన దిగుడులో బండి తన బరువుకి తానే 85, 88 దాకా పోతుంది, కాబట్టి కాలు బ్రేకు మీదే ఉండాలి. రెండోది టైర్లు. కంపెనీ ఇచ్చిన సైజు 165/80 ఆర్14. లెక్క చక్రం చుట్ల మీద నడుస్తుంది కాబట్టి పెద్ద సైజు వేయిస్తే లాకూ మీటరూ రెండూ తప్పు చెబుతాయి. నేను మూడు సెట్లు మార్చాను, మూడూ అదే సైజు. మొన్న నాలుగో సెట్టు అడగడానికి వెళ్తే షాపతను వెడల్పువి చూపించి బండి బాగుంటుందన్నాడు. పాత సైజే తెప్పించమని అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.