పీజీ లెక్కల యాప్: మెమరీ కార్డులోకి బ్యాకప్, చాలాకాలం వాడిన తర్వాత

బెంగళూరు మారతహళ్ళిలో మేము నడుపుతున్న పీజీ హాస్టల్ లెక్కలు, అంటే ఎవరి అడ్వాన్సు ఎంత, ఎవరు ఏ నెల అద్దె కట్టారు, ఎవరు ఖాళీ చేస్తామని చెప్పారు అన్నవన్నీ, కొన్నేళ్లుగా నా ఫోన్‌లోని ఒక లెక్కల యాప్‌లోనే ఉంటున్నాయి. ఈ యాప్ ఏ సర్వర్‌కూ డేటా పంపదు, ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్ ఫైల్‌లో దాచుకుంటుంది. హాస్టల్‌లో ఉండే పిల్లల ఆధార్ నంబర్లూ ఇందులోనే ఉంటాయి కనుక, అవి బయటికి పోకూడదనుకునే నాకు నచ్చింది అదే. అయితే ఫోన్ పోతే లెక్కలన్నీ పోతాయి కనుక బ్యాకప్ ఎంత నమ్మకమైనదో చూడక తప్పదు.

పాత వెర్షన్‌లో బ్యాకప్ నొక్కితే డేటాబేస్ ఫైల్ ఒక్కటే కార్డులోకి కాపీ అయ్యేది. దాన్ని ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో రీస్టోర్ చేసి చూస్తే, ముందురోజు వరకు అంతా సరిగ్గానే ఉంది గానీ, ఆ ఉదయం చేరిన కుర్రాడు కట్టిన అడ్వాన్సు కనబడలేదు. ఎస్‌క్యూలైట్‌లో వాల్ (WAL, రైట్-అహెడ్ లాగింగ్) పద్ధతి వాడినప్పుడు కొత్త మార్పులు ముందు ఒక పక్క ఫైల్‌లో చేరి, చెక్‌పాయింట్ అనే కలిపే పని జరిగాకే అసలు ఫైల్‌లోకి వెళతాయి. ఆ పక్క ఫైల్‌ను వదిలేసి తీసిన కాపీలో తాజా పద్దులు ఉండకపోవచ్చు. ఇప్పటి వెర్షన్ ముందుగా చెక్‌పాయింట్ చేసి, డేటాబేస్‌ను మూసి, ఆ తర్వాతే కాపీ తీస్తోంది. అప్పటినుంచి ఒక్క పద్దు కూడా తప్పలేదు.

2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి మెమరీ కార్డు మొత్తాన్ని యాప్‌కు ఎంచి ఇవ్వడం కుదరదు. కార్డులో ఒక ఫోల్డర్ తయారుచేసి దాన్నే చూపించాలి. కొందరికి ఇది చిరాకు తెప్పించినా, నాకు మేలనే అనిపిస్తుంది, ఎందుకంటే యాప్ సొంత డేటా ఫోల్డర్‌లో ఉంచిన బ్యాకప్, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాంతోపాటే పోతుంది, మనం ఎంచిన ఫోల్డర్‌లోది మాత్రం మిగులుతుంది. కార్డును ఇంటర్నల్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేయకూడదు. అలా చేస్తే అది ఆ ఫోన్‌కే ముడిపడి, మరో ఫోన్‌లో తెరుచుకోదు.

ఫోన్ దొంగతనానికి గురైతే కార్డు కూడా దాంతోపాటే పోతుంది కాబట్టి, అద్దెలు వసూలయ్యే నెల మొదటివారం దాటగానే ఫోన్‌కే నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి మరో కాపీ తీస్తాను. ఈ పని యాప్ తనంతట తాను చేయదు, మనమే గుర్తుపెట్టుకోవాలి. అంతకంటే పెద్ద లోటు, బ్యాకప్ ఫైల్‌కు పాస్‌వర్డ్ లేకపోవడం: పెన్‌డ్రైవ్ ఎవరి చేతికి చిక్కితే వారు అందులోని ఆధార్ నంబర్లన్నీ చదువుకోగలరు. ఇతరుల వివరాలు మన దగ్గర ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు, తర్వాతి వెర్షన్‌లోనైనా సరిచేయాలని యాప్ వాళ్లకు రాశాను.