వెర్బెనా కోసం హైదరాబాద్‌లో మూడు రోజులు

రెండేళ్లుగా వెర్బెనా అనే గుత్తిపూల మొక్క విత్తనాలు తెప్పించి చల్లుతూనే ఉన్నాను. మొదటి ఏడాది ఒక్కటీ మొలవలేదు. రెండో ఏడాది నలభై గింజలకు మూడు మొలిచాయి, వాటిలో రెండు కుళ్లిపోయాయి. పాకెట్ అమ్మినవాణ్ని తిట్టుకున్నాను గానీ తప్పు నాదే. పెటూనియా గింజలాగే దీన్నీ మట్టి మీద చల్లి వదిలేశాను. పెటూనియా మొలవాలంటే వెలుతురు కావాలి, వెర్బెనాకు చీకటి కావాలి. పైన సన్నగా మట్టి కప్పి, ట్రే మీద ఏదైనా మూత వేసి, తడి ఆరకుండా, అలాగని మరీ తడవకుండా రెండు మూడు వారాలు కాపలా కాయాలి. అంత ఓపిక ఇక లేదని తేల్చుకుని, ఈ జనవరిలో నారు మొక్కలే కొందామని మా ఆడపడుచును వెంటేసుకుని ఖమ్మంలో శాతవాహన ఎక్కాను.

హైదరాబాద్‌లో చుట్టాలకు కొదవ లేదు. కానీ వాళ్లింట్లో దిగితే మొక్కలకన్నా భోజనాలకే రోజులు అయిపోతాయి. అందుకే లాడ్జి.

మొదటి రాత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగాం. 'బాల్కనీ ఉన్న గది' అని చెప్పి 1,600 తీసుకున్నారు. బాల్కనీ ఉంది, కాదనను. రెండు అడుగుల వెడల్పు, ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, మూలన మా ఏసీ డబ్బా. ఆ సాయంత్రమే ఊళ్లో రోడ్డు పక్క నర్సరీలో కొన్న ఆరు మొక్కల్ని అందులో పెట్టి పడుకున్నాం. పొద్దున చూస్తే ఆకులన్నీ వేలాడిపోయాయి. రాత్రంతా ఏసీ డబ్బా వదిలిన వేడిగాలి నేరుగా వాటి మీదికే కొట్టింది. రిసెప్షన్‌లో చెబితే, "మొక్కలకు గది ఇవ్వలేదు కదా మేడమ్" అన్నాడు. మాటలో న్యాయం ఉంది, కాదనలేను. కానీ గీజర్ కూడా పనిచేయలేదు, దానికి మాత్రం ఏ న్యాయమూ చెప్పలేకపోయాడు.

ఆ ఆరు మొక్కల సంగతి కూడా చెప్పాలి. గ్రీన్‌నెట్ కింద వరసగా పేర్చి, ఎరుపు, గులాబీ, ఊదా రంగుల్లో కళ్లు చెదిరేలా పూసి ఉన్నాయి. ఒక్కోటి 60 రూపాయలు. బేరమాడి ఆరింటికీ 300 ఇచ్చాం. గదికొచ్చి లైటు కింద చూస్తే తెలిసింది: కాడలు సన్నగా సాగిపోయి, కణుపుకూ కణుపుకూ మధ్య మూడేసి వేళ్ల దూరం. రెండింటి కింది ఆకుల మీద తెల్లటి పొడి. కొనేటప్పుడే మా ఆడపడుచు అడిగింది కూడా, "వదినా, ఇదేంటి?" అని. "రోడ్డు దుమ్మక్కా" అన్నాడు నర్సరీవాడు. దుమ్మైతే ఆకంతా ఒకేలా పడుతుంది. ఇది గుండ్రంగా, మచ్చలు మచ్చలుగా ఉంది. బూడిద తెగులు. ఎండ తగలక, గాలి ఆడక, ఒకదానికొకటి ఆనించి పెట్టిన వెర్బెనాకు మొదట వచ్చే జబ్బు అదే. వెర్బెనాకు రోజుకు ఆరు గంటల ఎండ తక్కువలో తక్కువ. నెట్ కింద పెరిగినది పూలు చూపించి మోసం చేస్తుంది.

రెండో రోజు పొద్దున్నే గది ఖాళీ చేసి నాంపల్లి వైపు మారాం. మెట్రో ఎక్కడానికి మొక్కల సంచీ అడ్డమవుతుందేమోనని భయపడ్డాం గానీ, తనిఖీ దగ్గర అమ్మాయి నవ్వి పక్క నుంచి పంపించింది. నాంపల్లి లాడ్జి పాతది. మంచం గట్టిది, వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకా బకెట్ లెక్కన. గది 1,100. కానీ పైన డాబా ఉంది, డాబా మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకు కింద కుళాయి. రూమ్ బాయ్‌ని అడిగితే, "పెట్టుకోండమ్మా, పిట్టగోడ పక్కన పెట్టండి, కోతులు రావులే" అన్నాడు. మొక్కలతో తిరిగేవాళ్లకు నా సలహా ఒక్కటే. బుక్ చేసేటప్పుడు వైఫై, టీవీ గురించి కాదు, డాబా మీదికి వెళ్లనిస్తారా అని అడగండి.

పబ్లిక్ గార్డెన్స్ అక్కణ్నుంచి నడిచే దూరం. నిజాం కాలంలో 1846లో వేసిన తోట, పాతబస్తీ పెద్దవాళ్లు ఇప్పటికీ బాగే ఆమ్ అంటారు. జూబ్లీ హాలు, మ్యూజియం అన్నీ అందులోనే. పొద్దున నడకకు, పెద్ద చెట్లు చూడటానికి దాన్ని మించింది ఊళ్లో లేదనిపించింది. వెర్బెనా కళ్లతో చూస్తే మాత్రం అది నీడ తోట. ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, అంతే.

కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు కూడా వెళ్లాం, హైటెక్ సిటీ మెట్రో దిగి ఆటోలో. ఐటీ ఆఫీసుల మధ్య అంత అడవి, అన్ని బండరాళ్లు మిగిలి ఉండటమే ఒక వింత. పూల మడుల కోసమైతే అంత దూరం వద్దు. పిల్లలుంటే వెళ్లండి. అయితే తిరుగుదారిలో ఒక ఖాళీ స్థలం పక్కన లాంటానా పొద కనిపించింది, మేం తలంబ్రాల చెట్టంటామే అది. నా చేతిలోని వెర్బెనా పూగుత్తిని దాని పక్కన పెట్టి చూస్తే మా ఆడపడుచు ఆశ్చర్యపోయింది. అదే గొడుగులాంటి గుత్తి, అవే చిన్న చిన్న గొట్టం పూలు, అంచు నుంచి లోపలికి విచ్చుకోవడం. రెండూ ఒకే కుటుంబం మరి. మా వైపు అడవుల్లోని టేకును కూడా ఒకప్పుడు ఇదే కుటుంబంలో కలిపారు, తరవాత తులసి కుటుంబంలోకి మార్చారు. అంత మానుకు ఇంత నేలపాకుడు మొక్క చుట్టమంటే ఎవరు నమ్ముతారు!

మూడో రోజు అసలు పని. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్ మీదుగా వెళ్లాం. బంతి, చామంతి, గులాబీ కిలోల లెక్కన కుప్పలు. అక్కడ వెర్బెనా వెతకడం తెలివితక్కువ పనే. కాడ పొట్టి, పూలు తెంపితే నిలవవు, దండకు పనికిరావు. వెర్బెనా మొక్క మీదే బతికే పువ్వు. తర్వాత మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆధార్ చూపిస్తే జీరో టికెట్. సీటు మాత్రం దొరకలేదు, మొయినాబాద్ దాకా మొక్కల సంచీ నా కాళ్ల మధ్యే. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు చూడాలంటే ఆ నిలబడటమే మేలైందిలే.

ఆ దారిలో దిగిన నర్సరీకి బోర్డు కూడా సరిగా లేదు. వెర్బెనా మడి నెట్ బయట ఎండలో ఉంది. పూలు అక్కడొకటి ఇక్కడొకటి. మొక్కలు పొట్టిగా, గుబురుగా. నేను పూసినవి ఏరుకుంటుంటే, నీళ్లు పెడుతున్న పెద్దాయన వచ్చి నా చేతిలోది తీసుకుని కవరు ఒలిచి వేళ్ల మధ్య తలకిందులు చేశాడు. తెల్లటి వేర్లు మట్టి చుట్టూ దారాల్లా పట్టుకుని ఉన్నాయి.

"పూలు సూసి కొనకుండ్రి అక్కా, ఏర్లు సూసి కొనుండ్రి. ఇంటికి పోయినంక ఉన్న పూలన్ని కత్తిరియ్యుండ్రి. పానం పూలకు పోవొద్దు, ఏర్లకు పోవాలె."

ఒక్కోటి 35. పన్నెండు కొన్నాం, ఆయన ఒకటి కొసరు వేశాడు. వాటిలో నాలుగు ఆకులు జీలకర్ర మొక్కలా సన్నగా చీలినవి, నాచు వెర్బెనా అంటారు. పూలు చిన్నవే, ఊదా రంగువి. కానీ మన ఎండకు తట్టుకునేది అదే అన్నాడాయన, నా అనుభవం కూడా అదే. మిగతావి వెడల్పాకు హైబ్రిడ్ రకాలు, కొన్ని నిటారుగా పెరిగేవి, కొన్ని వేలాడే కుండీలకు పనికొచ్చే పాకుడువి. నాలుగు అడుగుల ఎత్తున గాలికి ఊగే బొనారియెన్సిస్ రకం కోసం అడిగాను. బ్యూనస్ ఐరిస్ ఊరి పేరు మీద వచ్చిన పేరది. మేం తిరిగిన ఏ నర్సరీలోనూ లేదు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు చూడమని ఒకరన్నారు, మేం వెళ్లినప్పుడు మేళా లేదు.

తిరుగు రైల్లో మొక్కలకు అరటిపళ్ల అట్టపెట్టె సరిగ్గా సరిపోయింది, పక్కన గాలికి కన్నాలుంటాయి కదా. బెర్తు కింద దూర్చితే ఎవరో సూట్‌కేసు నెట్టి ఒక కొమ్మ విరిగింది. పారేయలేదు. వెర్బెనా కొమ్మ కణుపు మట్టికి తగిలితే చాలు, అక్కడ వేరు పడుతుంది. తడి రుమాల్లో చుట్టి తెచ్చి, ఇంటికొచ్చాక హెయిర్‌పిన్నుతో కుండీ మట్టికి అదిమి పెట్టాను.

కుండీల మట్టి ఇలా కలిపాను: ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒకటి, ఇసుకా కోకోపీటూ (కొబ్బరి పొట్టు) కలిపి ఒకటి, పిడికెడు వేపపిండి. నీళ్లు పోస్తే పది లెక్కపెట్టేలోపు కింద కన్నం నుంచి కారాలి. కారకపోతే ఇంకాస్త ఇసుక. పన్నెండు అంగుళాల కుండీకి మూడు మొక్కలు, ఎనిమిది అంగుళాలదానికి ఒకటి. నీళ్లు పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే, అదీ పొద్దున, మొక్క మొదలు దగ్గర. ఆకుల మీద పోస్తే మళ్లీ ఆ తెల్లపొడిని పిలిచినట్టే. పదిహేను రోజులకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరు నీళ్లకు ఒక గ్రాము. ఆవుపేడ దండిగా వేస్తే ఆకులే వస్తాయి, నేను వేసి చూశాను.

పెద్దాయన చెప్పినట్టు పూలన్నీ కత్తిరించడం మాత్రం నా వల్ల కాలేదు. సగం మొక్కలకు కత్తిరించాను, సగం వదిలేశాను. మూడు వారాలకు తేడా తెలిసింది. కత్తిరించినవి నాలుగైదు పక్కకొమ్మలు వేసి కుండీ అంచు దాటాయి. వదిలేసినవి రెండు కాడలతో, కొసన ఒక్క పూగుత్తితో బిక్కమొహం వేసుకున్నాయి. అప్పుడు వాటికీ కత్తెర పెట్టాను. వాడిన గుత్తి కింది జత ఆకుల దాకా తుంచేయకపోతే గింజ కట్టి ఆగిపోతుంది, అందుకని రోజూ చాయ్ కప్పు పట్టుకుని ఒక తిరుగుడు తిరుగుతాను.

ఏసీ గాలి తగిలిన ఆరింటిలో నాలుగు పోయాయి. తెగులున్న రెండింటినీ మిగతావాటి దగ్గరికి రానీయకుండా విడిగా పెట్టి, జబ్బు ఆకులు తీసేస్తే ఒకటి కోలుకుంది. మార్చి చివరికి హైబ్రిడ్లు డీలా పడతాయని తెలుసు, ముందే కొమ్మలు నాటుకుంటాను.

వచ్చే ఏడాది జనవరి దాకా ఆగం. నవంబరులోనే వెళ్తే పూత కాలమంతా మన ఇంట్లోనే గడుస్తుంది. నేరుగా చేవెళ్ల రోడ్డుకే పోయి, రాత్రికి మళ్లీ ఆ గట్టి మంచం మీదే పడుకుంటాం.