దుబాయ్‌లో పిల్లల చదువు: ఇండియన్ స్కూలా, బ్రిటిష్ స్కూలా?

దుబాయ్‌కి ట్రాన్స్‌ఫర్ ఖాయమైన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలామంది నాలుగైదు స్కూళ్ల ఫీజులు, కేహెచ్‌డీఏ (దుబాయ్ ప్రైవేట్ స్కూళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే రేటింగులు కూడా పంపి "వీటిలో ఏది మంచిది?" అంటారు. ఫీజూ చూడాలి, రేటింగూ చూడాలి. కానీ వాటికంటే ముందు ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ అమ్మాయి లేదా అబ్బాయి పన్నెండో తరగతి పరీక్ష ఏ ఊళ్లో రాయాలి? ఆ తర్వాత ఏ దేశంలో కాలేజీకి వెళ్లాలి?

ఇక్కడ ఎక్కువమంది వీసా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. ఎన్నేళ్లున్నా పౌరసత్వం వస్తుందన్న ఆశ ఉండదు. ఏదో ఒక రోజు తిరిగి వెళ్లాల్సిందే, లేదా మరో దేశం చూసుకోవాల్సిందే. అందుకే స్కూల్లో చేర్పించే రోజు కన్నా బయటికి తీసుకొచ్చే రోజు గురించి ఎక్కువ ఆలోచించాలంటాను.

తెలంగాణ లెక్కే తీసుకోండి. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్‌లో కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే. స్థానికత రావాలంటే మామూలుగా తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. మెడికల్ సీట్ల విషయంలో ఈ నిబంధనను 2025లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అంటే తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఎనిమిదో తరగతి అయ్యేసరికి పిల్లలు అక్కడ ఉండాలి. ఇక్కడ చాలామంది పదో తరగతి అయ్యాక పిల్లల్ని ఇంటర్‌కి హైదరాబాద్ హాస్టల్‌కి పంపేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ రెండు వైపులా నష్టపోయే దారి అది. నాలుగేళ్లు నిండవు కాబట్టి స్థానికత రాదు. మిగిలిన 15 శాతంలోనే పోటీపడాలి. పదకొండు, పన్నెండు ఇక్కడ చదవరు కాబట్టి గల్ఫ్ పిల్లలకు ఉన్న అవకాశం కూడా పోతుంది.

ఆ అవకాశం సంగతి చాలామందికి తెలియదు. ఎన్‌ఐటీల్లో డాసా కింద విదేశాల్లో చదివిన పిల్లలకు సీట్లుంటాయి. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు సీఐడబ్ల్యూజీ అని విడిగా కొన్ని కేటాయిస్తారు. డాసాలో మిగతావాళ్లలో ఎక్కువమంది సెమిస్టర్‌కి 4,000 డాలర్ల ట్యూషన్ ఫీజు కడితే, సీఐడబ్ల్యూజీ పిల్లలు మన దేశంలో చదివిన పిల్లలు కట్టే ఫీజే కడతారు. కావాల్సింది జేఈఈ మెయిన్ ర్యాంకు. ఆ పరీక్ష చాలావరకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మీదే నడుస్తుంది. ఇక్కడి ఇండియన్ స్కూళ్లలో ఎక్కువగా ఉండేది సీబీఎస్‌ఈ కాబట్టి, ఆ పిల్లలకు క్లాసులో చెప్పేదీ, కోచింగ్‌లో చెప్పేదీ చాలావరకు ఒకటే. బ్రిటిష్ స్కూల్లో ఎ లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) చదివే పిల్లలూ రాయొచ్చు. కానీ వాళ్లు రెండు సిలబస్‌లు మోయాలి. పదహారేళ్ల పిల్లల మీద అది చిన్న బరువేం కాదు. నీట్ రాయాలనుకునేవాళ్లకూ ఇదే ఇబ్బంది.

ఇంత చెప్పానని బ్రిటిష్ స్కూళ్లను తక్కువ చేయడం లేదు. వాటిలో నాకు నిజంగా నచ్చేవి ఉన్నాయి. క్లాసులో పిల్లలు తక్కువ. చిన్న తరగతుల్లో బండెడు హోంవర్క్ ఉండదు. రోజూ ఇంటికి ఒక కథల పుస్తకం వస్తుంది. మా ఫ్రెండ్ కూతురు ఇయర్ 4లో (మన మూడో తరగతి) ఉన్నప్పుడు రాసిన పేజీ ఒకటి చూశాను. ఎడారిలో వాన పడితే ఏమవుతుందో తన ఊహతో రాసింది. టీచర్ స్పెల్లింగులన్నీ ఎర్రగా కొట్టేయకుండా, "ఒంటెకి అప్పుడేమనిపించి ఉంటుంది? ఇంకో రెండు వాక్యాలు రాయి" అని అడిగింది. పక్క పేజీలో ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. అలాంటి చదువు మన పిల్లలందరికీ అందాలని మనసారా కోరుకుంటాను.

ఆ ఫ్రెండ్ వాళ్లే ఆ తర్వాత కూకట్‌పల్లికి తిరిగొచ్చేశారు. ఏడో తరగతిలో చేరిన ఆ పిల్లకి ఇంగ్లిష్‌లో తిరుగు లేదు. లెక్కలు రెండు నెలల్లో పట్టుకుంది. ఏడిపించింది తెలుగు, హిందీ. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ స్కూల్లోనైనా తెలుగు చదవాల్సిందే. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్ల, ఒత్తులు గుణింతాలు రాక పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చునేది. ఇక్కడి ఇండియన్ స్కూళ్లలో హిందీ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, తెలుగు మాత్రం అన్నిచోట్లా దొరకదు. కాబట్టి ఏ స్కూల్లో వేసినా సరే, సాయంత్రం అరగంట తెలుగు చదవడం, రాయడం ఇంట్లో మీరే నేర్పించాలి. ఇక అరబిక్ అంటారా, అది రెండు రకాల స్కూళ్లలోనూ తప్పదు.

ఫీజు దగ్గర తేడా ఎక్కువే. ఇండియన్ స్కూళ్లు చాలావరకు ఏడాదికి ఆరు వేల నుంచి ఇరవై వేల దిర్హమ్‌ల మధ్యలో దొరుకుతాయి. బ్రిటిష్ స్కూళ్లలో ముప్పై నుంచి అరవై వేలు మామూలు, పేరున్నవి ఇంకా పైకే. బస్సు ఖర్చు విడిగా. "కంపెనీ ఇస్తుంది కదా" అంటారు. కంపెనీ ఇచ్చేదానికి ఒక పరిమితి ఉంటుంది. తరగతి పెరిగేకొద్దీ ఫీజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగం మారితే కొత్త కంపెనీ ఇస్తుందో లేదో తెలియదు. అందుకే చేరే తరగతి ఫీజు కాకుండా ఇయర్ 13 (మన పన్నెండు) ఫీజు చూడండి. అది మీ జీతంలోంచే కట్టగలమనుకుంటేనే అటు వెళ్లండి. అలవెన్స్ ఆగిపోయి ఇయర్ 10 (మన తొమ్మిది) మధ్యలో పిల్లల్ని సీబీఎస్‌ఈకి మార్చాలంటే నరకమే. సీబీఎస్‌ఈ తొమ్మిదిలోనే పిల్లల్ని రిజిస్టర్ చేస్తుంది, నేరుగా పదిలో చేర్చుకోవడం ఎక్కడో ప్రత్యేక సందర్భాల్లో తప్ప కుదరదు.

కాబట్టి నా మాట ఇది. నాలుగైదేళ్లలో వెనక్కి వెళ్తామనుకున్నా, ఇక్కడే ఉండి ఇంజనీరింగ్‌కో మెడిసిన్‌కో ఇండియా పంపుదామనుకున్నా సీబీఎస్‌ఈ స్కూలే మేలు. తనిఖీల్లో అవుట్‌స్టాండింగ్ దాకా వెళ్లిన ఇండియన్ స్కూళ్లూ ఉన్నాయి, అవి దొరికితే మరీ మంచిది. డిగ్రీకి బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా అని గట్టిగా అనుకుని, డబ్బుకి ఢోకా లేనివాళ్లకు బ్రిటిష్ స్కూలే సరైనది. పిల్లలు మూడో తరగతి లోపు ఉంటే ఎందులో వేసినా కొంపేం మునగదు, ఇంటికి దగ్గర్లో ఉన్నది చూసుకోండి.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూళ్లు బాగుంటాయి, ఖర్చు బ్రిటిష్‌తో సమానం లేదా ఇంకా ఎక్కువ. అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే తప్ప అమెరికన్ సిలబస్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఏ స్కూలు ఎంచుకున్నా తరగతి లెక్క సరిచూసుకోండి. మన ఒకటో తరగతి వాళ్ల ఇయర్ 2, మన ఎనిమిది వాళ్ల ఇయర్ 9. ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో, బ్రిటిష్ స్కూళ్లు ఆగస్టు చివర్లో మొదలవుతాయి. బయల్దేరే తేదీని బట్టి పిల్లలకు నెలల తరబడి ఖాళీ రాకుండా చూసుకోండి. టీసీ మీద ఇండియాలో వేయించాల్సిన అటెస్టేషన్ స్టాంపులన్నీ అక్కడ ఉండగానే వేయించుకోండి. ఇక్కడికొచ్చాక ఆ కాగితాన్ని మళ్లీ వెనక్కి పంపి వేయించడం పెద్ద టెన్షన్.