ప్రోగ్రామింగ్‌కు మార్కులు: పరీక్ష కాగితమా, టెస్ట్ కేసులా, వైవానా?

రెండో సంవత్సరం డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో లింక్డ్ లిస్ట్ (గొలుసులా ఒకదానికొకటి ముడిపడిన డేటా) నుంచి ఒక నోడ్‌ను, అంటే ఒక లంకెను, తొలగించే ప్రోగ్రాం ఇచ్చాను. ఒక అబ్బాయి కోడ్ పది టెస్ట్ కేసుల్లో, అంటే యంత్రం ఇన్‌పుట్ ఇచ్చి జవాబు సరిచూసే పరీక్షల్లో, పదీ దాటింది. ఒక అమ్మాయిది నాలుగింట తప్పింది. ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడిగాను. తన కోడ్‌లో డబుల్ పాయింటర్ (పాయింటర్ ఉన్న చోటును చూపే మరో పాయింటర్) ఎందుకు ఉందో అబ్బాయి చెప్పలేకపోయాడు. అమ్మాయి మాత్రం నేను నోరు తెరవకముందే, "సార్, మొదటి నోడ్‌ను తీసేస్తేనే తప్పు వస్తోంది. ఫంక్షన్ లోపల హెడ్ మారుతోంది, బయట మారడం లేదు" అంది. హెడ్ అంటే మొదటి నోడ్ మెమరీలో ఎక్కడుందో చూపే పాయింటర్. సీ భాషలో ఫంక్షన్‌కు పాయింటర్‌ను పంపినా వెళ్ళేది దాని నకలేనన్న సంగతి ఆమెకు పట్టుబడింది. ఇక దిద్దుకోవడమే మిగిలింది. యంత్రం లెక్క ప్రకారం అతనికి 10, ఆమెకు 6. ఆ మార్కులు అలాగే వేయడానికి నాకు చేతులు రాలేదు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 నిబంధనల్లో కాలేజీలోనే వేసే ఇంటర్నల్స్‌కు 25, చివరి పరీక్షకు 75 మార్కులుండేవి. 2022 నాటి ఆర్22లో అవి 40, 60 అయ్యాయి. పాఠం చెప్పేవారి చేతికి ఎక్కువ మార్కులు వచ్చాయి కనుక, వాటిని ఎలా వేయాలన్నది ఇప్పుడు మరింత బాధ్యతతో ఆలోచించవలసిన విషయం.

పరీక్ష కాగితానికి ఒక గొప్ప గుణం ఉంది. దిద్దేవారికి రాసినవారెవరో తెలియదు. తరగతిలో ఎదురు ప్రశ్నలు వేసి అధ్యాపకుడికి కంటగింపైన విద్యార్థికి అది రక్ష. ఈ ఒక్క కారణానికే దాన్ని పూర్తిగా తీసేయమని నేను అనను. కానీ ప్రోగ్రాం రాయడమంటే తప్పు చేయడం, నడిపి చూడడం, ఎక్కడ చెడిందో వెతకడం. కాగితం మీద మొదటి ప్రయత్నమే చివరిది. పైగా కాలేజీ ఎదుట జిరాక్స్ షాపులో గత అయిదేళ్ల ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. సంఖ్యలను వరుసలో పెట్టే క్విక్‌సార్ట్‌ను పద్యంలా కంఠతా పట్టి రాసినవాడికీ, అర్థం చేసుకుని రాసినవాడికీ అక్కడ ఒకటే మార్కు.

టెస్ట్ కేసులతో దిద్దే పద్ధతి నిజంగా మంచి గురువు. రాత్రి పదకొండుకు పంపినా క్షణంలో జవాబు చెబుతుంది, పదిసార్లు తప్పినా విసుక్కోదు. ఖాళీ లిస్ట్ ఇస్తే కోడ్ ఏం చేస్తుందో పిల్లలు ఆలోచించడం మొదలుపెట్టింది దాని వల్లే. అయితే అది ప్రయత్నించని చోట ఉన్న లోపాన్ని అది చూడలేదు. జావా లైబ్రరీలోని, జాబితాను సగాలు చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం రెండు సంఖ్యలను కలిపే చోట, మొత్తం ఇంట్ రకం సంఖ్యకు పరిమితి అయిన 2,147,483,647 దాటితే రుణసంఖ్య అయిపోయే లోపం ఒకటి దాదాపు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండి, 2006లో బయటపడింది. ఇక కాపీ సంగతి. కోడ్‌ల మధ్య పోలికలను పట్టే మాస్ అనే సాధనం 1994 నుంచీ ఉంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మాత్రం అడిగిన ప్రతివాడికీ వేరే కోడ్ దొరుకుతోంది. పోలికే లేనప్పుడు పోల్చి పట్టేదేముంది?

అందుకే నా ఓటు వైవాకే. పది నిమిషాలు చాలు. విద్యార్థి రాసిన కోడే తెర మీద పెట్టి, "ఈ వరస తీసేస్తే ఏమవుతుంది? ఈ విలువ సున్నా అయితే?" అని అడగాలి. నిర్వచనాలు అడిగే వైవా వేరు, అది కాగితం పరీక్షనే నోటితో పెట్టడం. వైవాకు అసలు ప్రమాదం భయం, భాష. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో తడబడితే, తెలియదని అనుకుని మార్కులు కోసిన సందర్భాలు నా దగ్గరా ఉన్నాయి. ఇప్పుడు తెలుగులో చెప్పమంటున్నాను, కావాలంటే ఉర్దూలోనూ. నాకు అర్థం కాని చోట బొమ్మ గీయమంటాను. ఇష్టాయిష్టాలు దూరకుండా ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో ముందే నోటీసు బోర్డు మీద పెడుతున్నాను.

నలభై మార్కుల ల్యాబ్‌లో నేనైతే వైవాకు 25, టెస్ట్ కేసులకు 15 ఇస్తాను. కాగితం థియరీకి ఉంటే చాలు.

సమయమెక్కడిదని తోటి అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 66 మందికి పదేసి నిమిషాలంటే 660 నిమిషాలు, పదకొండు గంటలు. సెమిస్టర్‌కు రెండుసార్లు పెడితే ఇరవై రెండు. ఆ సమయం రికార్డు పుస్తకాల్లో ఉంది. పిల్లలు సీనియర్ల రికార్డు చూసి, అవుట్‌పుట్‌తో సహా ఎడమ పేజీ ఎడమకు, కుడి పేజీ కుడికి ఎత్తిరాస్తారు. మనం ప్రతి ప్రోగ్రాం కింద సంతకం చేస్తాం. 66 మందికి, పన్నెండు ప్రోగ్రాంలకు, 792 సంతకాలు. వాటిని ఆపేసి, ఆ గంటల్లో పిల్లలను ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుందాం.