బట్టలకు కొట్టే పెర్మెత్రిన్ స్ప్రే: రెండు వేసవులు వాడాక చెబుతున్నాను

న్యూజెర్సీలో పెరడు ఉన్న మనవాళ్లందరూ పిడుదుల్ని చంపే ఈ స్ప్రే ఒక సీసా తెచ్చి పెట్టుకోండి. 0.5 శాతం పెర్మెత్రిన్ అని రాసి ఉండేది, క్యాంపింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. ఒంటికి రాసుకునేది కాదు, బట్టలకీ బూట్లకీ మాత్రమే.

రెండేళ్ల కిందట జూన్‌లో ఇండియా నుంచి వచ్చిన మా మామయ్యగారు పొద్దున్నే లుంగీ కట్టుకుని చిక్కుడు పాదులకు నీళ్లు పెట్టేవారు, సాయంత్రమైతే జింకలొచ్చి ఆ ఆకులే తినిపోయేవి. ఒకరోజు ఆయన మోకాలి వెనక గసగసాల గింజంత నల్ల చుక్క కనిపించింది, పుట్టుమచ్చేమో అనుకుని ఫోన్ లైటు వేసి చూస్తే దానికి సన్నటి కాళ్లున్నాయి, కదులుతున్నాయి. "మన గేదెలకు పట్టే పిడుదే కదమ్మా, లాగేస్తే పోతుంది" అన్నారు.

లాగేయాల్సిందే, కానీ ఇక్కడి జింక పిడుదు కడుపులో బొరేలియా అనే బాక్టీరియా ఉండొచ్చు. 1975 ప్రాంతంలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊళ్లో పిల్లలకు వరసగా మోకాళ్లు వాచిపోతుంటే మొదలైన వెతుకులాట అది, అందుకే లైమ్ జబ్బు అన్నారు. తర్వాత కొన్నేళ్లకు విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల కడుపులో ఆ బాక్టీరియాను చూశారు, దానికి బొరేలియా బర్గ్‌డోర్ఫెరి అని ఆయన పేరే పెట్టారు. ఇంకో సంగతి, పిడుదుకి ఈ బాక్టీరియా జింక నుంచి రాదు, ఎక్కువగా చిన్నప్పుడు తెల్లకాళ్ల ఎలుకల రక్తం తాగినప్పుడు ఎక్కుతుంది. జింక మీద పెద్ద పిడుదు కడుపు నింపుకుని 2,000 దాకా గుడ్లు పెడుతుంది, అందుకే జింకలు తిరిగేచోట ఇవి అంతగా పెరుగుతాయి.

సన్నమొన పట్కారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాం. వాజలీన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం అస్సలు చేయకండి. పిడుదును తీసేసి 72 గంటలు దాటలేదు కాబట్టి డాక్టరు ముందు జాగ్రత్తగా 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇచ్చారు. తర్వాత నెల రోజులు రోజూ ఆయన కాలు చూస్తూనే ఉన్నాను, ఎర్రగా వలయంలా దద్దురు వస్తుందేమోనని ఒకటే టెన్షన్. అదృష్టం, రాలేదు.

ఆ వారమే ఈ స్ప్రే కొన్నాను. ఆరుబయట దండెం మీద బట్టలు వేసి, ప్యాంటు అంచులూ సాక్సులూ తడిసేలా కొట్టి, రెండు గంటలు, ఉక్కపోతగా ఉంటే నాలుగు గంటలు ఆరనివ్వాలి. ఆరు వారాలు లేదా ఆరు ఉతుకులు, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది. పోయిన వేసవిలో నా సాక్సు మీదికి ఒక పిడుదు ఎక్కింది, కదలకుండా నిలబడి చూశాను, నాలుగడుగులు వేసి కాళ్లు ముడుచుకుని రాలిపోయింది. నా డబ్బులు అక్కడే వసూలైపోయాయి!

ఇబ్బందులూ ఉన్నాయి. తడిగా ఉన్నంతసేపు వాసన వస్తుంది, ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ వేలు లాగుతుంది, నాలుగు జతలకే సీసా అయిపోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్త, తడి మందు తగిలితే దాని ప్రాణానికే ముప్పు, చేపల తొట్టి దగ్గరా కొట్టకండి. స్ప్రే కొట్టాం కదా అని రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో వెతకడం మానకండి.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. మామయ్యగారు మళ్లీ మే నెలలో వస్తున్నారు, తోటలోకి లుంగీ వద్దని ఫోన్లోనే ఒప్పించి, ఆయన కోసం రెండు పాత ప్యాంట్లు తీసి పెట్టాను.