పాత వంతెన చోటే కట్టాలా, పక్కన కట్టాలా: ఏది మేలు?

మా ఊరికీ తిరుపతి రోడ్డుకూ మధ్య ఒక వంక ఉంది. ఏడాదిలో పది నెలలు అందులో ఇసుకే. కార్తీకంలో కొండ మీద గట్టి వాన పడిందంటే మాత్రం రెండు గంటల్లో ఒడ్డులు తాకుతూ వచ్చి స్వర్ణముఖిలో కలుస్తుంది. దాని మీద ఐదు కానాల (స్తంభాల మధ్య నీళ్లు పోయే ఖాళీల) పాత వంతెన. మా నాయన బడికి పోయే రోజుల్లో కట్టినది. రాతి స్తంభాలు, పైన శ్లాబు, ఎదురుగా ఆటో వస్తే మన బండి ఆపుకోవాల్సినంత వెడల్పు.

2021 నవంబరులో, రాయలచెరువు తెగుతుందేమోనని రామచంద్రాపురం మండలంలో ఊళ్లు ఖాళీ చేయించిన ఆ వారంలోనే, మా వంతెన మీద నుంచి నీళ్లు పోయాయి. వంతెన నిలబడింది. నీళ్లు తీశాక దిగి చూస్తే మూడో స్తంభం పునాది రాయి బయటపడి ఉంది, కింద చెయ్యి పెడితే మోచేతి దాకా పోతోంది. అప్పటి నుంచి బస్సు లేదు. బడి వ్యాను పిల్లల్ని ఇవతల దించి, నడిపించి, అవతల మళ్లీ ఎక్కించుకుంటోంది.

ఇప్పుడు కొత్త వంతెనకు కొలతలు వేస్తామంటున్నారు. రచ్చబండ దగ్గర నాలుగు రకాల మాటలు నడుస్తున్నాయి: పాతదానికి మరమ్మతు చేస్తే చాలని, వరద మీద నుంచి పోయేలా ఎత్తు తక్కువగా వేసే కాజ్‌వే చాలని, పాతది కొట్టేసి అక్కడే కట్టాలని, పక్కన కట్టాలని. నేను ఇంజినీరును కాను. రోడ్ల కాంట్రాక్టరు దగ్గర పన్నెండేళ్లు సూపర్‌వైజరుగా చేశాను, రెండు వంతెనల పనుల్లో ఎండలో నిలబడ్డాను. ఆ అనుభవంతో చెబుతున్నా.

మరమ్మతు చాలంటున్న వాళ్లకు ఒక్క లెక్క చెబితే చాలు. పాత స్తంభం చుట్టూ కాంక్రీటు తొడుగు వేయాలంటే పక్కకు ఒక అడుగైనా మందం కావాలి. నాలుగు స్తంభాలు, ఒక్కోదానికి రెండు పక్కలు: ఎనిమిది అడుగుల నీటి దారి పోయినట్టే. దారి ఇరుకని కదా నీళ్లు పైనుంచి పోయింది! పైగా బరువు సంగతి ఉంది. పది టైర్ల లారీకి 2018 దాకా మొత్తం 25 టన్నుల వరకే అనుమతి, ఇప్పుడు 28.5 టన్నులు. జూన్, జూలైల్లో తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు పోయేది ఆ లారీల్లోనే. ఆ శ్లాబు వేసిన రోజుల్లో దాని మీద నడిచినవి చెరకు బండ్లు.

కాజ్‌వేను నేను అంత తేలిగ్గా కొట్టిపారేయను. ఖర్చు బాగా తక్కువ. వరద పైనుంచి పోనిచ్చేలాగే కడతారు కాబట్టి కొట్టుకొచ్చిన చెట్లు అడ్డం పడి ఆగే బాధ తక్కువ. పొలాలకు పోయే దారికైతే అదే సరిపోతుంది, ఏడాదికి నాలుగు రోజులు మడి దగ్గరికి పోకపోతే కొంప మునగదు. కానీ ఇది ఊరికి ఉన్న ఒకే దారి. చుట్టుదారి పదకొండు కిలోమీటర్లు, అదీ ఇంకో వంక దాటాలి, రెండూ ఒకే రోజు పారతాయి. పాలు పొద్దున ఐదుకే పోవాలి. 108 వచ్చేది ఏ రోజో చెప్పి రాదు. ఇంకో భయం కూడా ఉంది. మోకాలి లోతు నీళ్లే కదా అని బైకు దించే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. పారే నీటి జోరు పైకి తెలియదు. అందుకే మాకు కాజ్‌వే వద్దు.

ఇక అసలు గొడవ మిగతా రెండింటి మధ్యే.

పాతది కొట్టేసి అక్కడే కట్టాలనే వాళ్ల మాటలో న్యాయం ఉంది. రోడ్డు తిన్నగా ఉంటుంది. ఎవరి భూమీ పోదు. భూమి పోకపోతే కోర్టు ఉండదు, కోర్టు లేకపోతే పని ఆగదు. వంతెన పూర్తయి, దిగడానికి అప్రోచ్ రోడ్డు లేక మొండిగా నిలబడినవాటిని చూసినవాణ్ని. రెండు సెంట్ల దగ్గర పేచీ వస్తే చాలు, కోట్ల పని ఎండుతుంది.

అయితే అక్కడే కట్టాలంటే కట్టినన్నాళ్లూ జనం తిరగడానికి వంకలో తాత్కాలిక దారి వేయాలి. సిమెంటు పైపులు పరిచి, మీద గ్రావెల్ పోసి తొక్కించేది. అది వానకు నిలబడేది కాదు, నిలబడాలని వేసేదీ కాదు. మన జిల్లాకు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే సంక్రాంతికి పాతది కొడితే సెప్టెంబరు ఆఖరుకు కొత్త శ్లాబు మీద బండి పోవాలి. తొమ్మిది నెలలు. వేసవిలోగా పునాదులు పైకి రావాలి, మామిడి లారీలు తిరిగే రోజుల్లో స్తంభాలు లేవాలి, ఆగస్టులో శ్లాబులు పడాలి. కాగితం మీద కుదురుతుంది. బిల్లు రాలేదని రెండు నెలలు మిక్సర్ ఆగితే?

పక్క ఊరి వంక మీద ఇదే జరిగింది. పని ఒక సీజను ఆలస్యమైంది. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను వానకు తాత్కాలిక దారి పైపులతో సహా పోయింది. పాత వంతెన అప్పటికే లేదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టు అయింది వాళ్ల పని. నీళ్లు తగ్గేదాకా పాల క్యాన్లు నెత్తిన పెట్టుకుని వంక దాటారు. మళ్లీ గ్రావెల్ పోయడానికి డబ్బు ఏ పద్దులోంచి తేవాలని ఇంకో నెల వాదన.

పక్కన కడితే ఈ టెన్షన్ లేదు. పని రెండేళ్లు పట్టినా ఊరు తెగదు, పాత వంతెన మీద బైకులు, ఆటోలు పోతూనే ఉంటాయి. స్థలం మనం ఎంచుకోవచ్చు కూడా. వంక మలుపు తిరిగే చోట బయటి ఒడ్డు ఎప్పుడూ కోతకు గురవుతుంది. పాత వంతెన సరిగ్గా అలాంటి చోటే ఉంది, మూడో స్తంభం తిప్పలు సగం అందువల్లే. యాభై అరవై మీటర్లు ఎగువకు పోతే వంక తిన్నగా పారుతుంది, ఒడ్డులు గట్టివి.

దీనికీ లోపాలున్నాయి. రెండు వైపులా రోడ్డు వంపు తిరుగుతుంది. వంపు పొడుగ్గా, నింపాదిగా వేయకపోతే రాత్రిపూట బైకువాళ్లకు ప్రమాదం. ఎస్సీ కాలనీకి తాగునీటి పైపు పాత వంతెన పిట్టగోడకు కట్టి ఉంది, ముందు దాన్ని మార్చే ఏర్పాటు ఎస్టిమేటులోనే రాయించాలి. తర్వాత ఎవరి డబ్బుతో అంటే ఎవరూ పలకరు.

ఊళ్లో చాలామందికి నచ్చని మాట ఇంకొకటి. కొత్తది తెరిచాక పాతది ఉంచుకుందాం, గొర్రెలకు, నడకకు పనికొస్తుంది అంటున్నారు. ఉంచకూడదు. దాని ఇరుకు కానాల్లో తుమ్మ చెట్లు, అరటి బోదెలు ఇరుక్కుంటే నీళ్లు వెనక్కి ఎగదన్ని, ఎగువన ఉన్న కొత్త వంతెన కిందికే వస్తాయి. పెరిగిన నీటిమట్టం లెక్కలో లేకపోతే కొత్తది కట్టినా పాత కథే. పాతదాన్ని పునాది దాకా తీసేసే ఖర్చు కూడా ఇదే టెండరులో ఉండాలి.

ఎక్కడ కట్టినా తప్పనివి కొన్ని ఉన్నాయి. నీటి దారి ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి లేసీ లెక్క అని ఒక సూత్రం వాడతారు: వరద సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో దాని వర్గమూలం తీసి 4.8తో హెచ్చవేయాలి. వంద ఘనపు మీటర్లకు 48 మీటర్లు వస్తుంది. ఇసుక నేల వంకలకు పుట్టిన సూత్రం ఇది, గట్టి ఒడ్డులున్న చోట ఒడ్డు నుంచి ఒడ్డు దాకానే చూస్తారు. మా పాత వంతెనకు కానాలన్నీ కలిపినా 30 మీటర్లే. వంద ఘనపు మీటర్ల స్థాయి వరదకు, అత్యధిక నీటిమట్టానికీ శ్లాబు అడుగుకూ మధ్య కనీసం 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధన. ఆ నీటిమట్టం ఎంతో ఆఫీసులో తేలదు. కొలతలకు వచ్చినప్పుడు గంగమ్మ గుడి గోడ మీద 2021 నీటి మరక చూపించాలి. సున్నం వేయకముందే చూపించాలి!

పునాది లోతు ఇంకా ముఖ్యం. వరదలో ఇసుక ఎంత లోతు లేచిపోతుందో లెక్కగట్టి దాని కిందికి దిగాలి. ప్రతి స్తంభం చోటా బోరు వేసి చూడమని అడగాలి. మా వైపు ఒక చోట ఐదు మీటర్లకే బండ తగులుతుంది, పది అడుగుల పక్కన ఎంత దిగినా ఇసుకే. బండ దొరికితే మామూలు పునాది చాలు, లేకపోతే పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) నిబంధనల ప్రకారం వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదు. మా మూడో స్తంభం దగ్గర రాత్రిళ్లు ట్రాక్టర్లు నింపింది బయటివాళ్లు కాదు, అది మనకూ తెలుసు.

కాబట్టి నా ఓటు పక్కన కట్టడానికే. ఒక్క షరతు: భూమి చేతికి వచ్చాకే టెండరు పిలవాలి. 2013 భూసేకరణ చట్టం కింద భూమి విలువకు అంతే మొత్తం అదనంగా కలిపి ఇస్తారు. చెట్ల విలువ విడిగా, ఉద్యానశాఖ వాళ్లు కాపు చూసి కడతారు.

పోయేది మా మామ తోట. పద్దెనిమిది మామిడి చెట్లు, తాత నాటినవి. మొన్న ఆదివారం పోయి ఇదంతా ఆయనకు చెప్పాను. గట్టు మీద కూర్చుని చాలాసేపు వంక వైపే చూశాడు. "రోడ్డుకు ఇయ్యనని యాడ చెప్పినాను నాయనా? ఈ ఏడు కాయ దింపుకున్నాక వచ్చి గీతలు గీసుకోమను" అన్నాడు.